ఉప్పు ఎక్కువైందని ఎవరూ అనలేదు

గ్రెచెన్‌ది ఆరేళ్ళ నాటి సందేహం. ఆ మంగళవారం తర్వాత దేశం నలుమూలలా జనం ఆమె కోసం ప్రార్థించారు. ప్రార్థిస్తున్నామని కార్డులు రాశారు, టీవీలో చెప్పారు, పెట్రోలు బంకు ముందున్న బోర్డు మీద కాఫీ ధర తీసేసి మరీ పెద్ద అక్షరాలతో పెట్టారు. అంతా నిజమే. కానీ వాళ్ళు దేవుణ్ణి సరిగ్గా ఏమడిగారు? ఆమె కూతురు అన్నికను తిరిగి ఇమ్మని అడిగి ఉండరు, అది అయ్యే పని కాదని అందరికీ తెలుసు. తల్లికి ఓర్పు ఇమ్మని అడిగారా? లక్షల మంది అడిగితే ఈపాటికి ఆమె ఇంట్లో గాదెల నిండా ఓర్పు ఉండాలి. ఉన్న కాస్తా ఏటికేడు తరిగిపోతోంది. మరి ఆ ప్రార్థనలన్నీ ఏ దారిన పోయినట్టు?

ఆమె దేవుణ్ణి నమ్మని మనిషి కాదు. రోజూ పొద్దున కాఫీ కలుపుకుని, సింకు ముందు కిటికీలోంచి మొక్కజొన్న చేను చూస్తూ, ఆయనతో చెప్పుకోవలసినవి చెప్పుకుంటుంది. ఆదివారం చర్చి తప్పదు. కానీ ఈ సందేహం ఎవరి ముందు పెట్టినా ఒకటే తంతు. ఎదుటి మనిషి కళ్ళు చెమరుస్తాయి. చెయ్యి పట్టుకుంటారు. "నీ బాధ మా ఊహకు కూడా అందదు గ్రెచెన్" అంటారు. ఒకసారి పాస్టర్ నోలన్‌నే అడిగింది. పెద్ద చదువులు చదివిన మనిషి, ఏదో ఒకటి చెబుతాడు, తప్పనిపిస్తే వాదించవచ్చు అనుకుంది. ఆయన చాలాసేపు తల ఊపి "అది మంచి ప్రశ్న" అన్నాడు. అంతే. ఆ మంచి ప్రశ్న మళ్ళీ ఆమె వెంటే ఇంటికి వచ్చింది.

వాళ్ళ ఊరు వెల్బీలో ఆమెతో ఎవరూ వాదించరు. అదే ఆమె ప్రాణానికి వచ్చిన తంటా.

ఆరేళ్ళ కిందట, ఒకప్పుడు ఆ బడిలోనే చదివిన కుర్రాడొకడు తుపాకి పట్టుకుని లోపలికి వచ్చాడు. నాలుగో తరగతి గది బడి గుమ్మానికి దగ్గరగా ఉంది. అన్నికకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ రోజు నుంచి గ్రెచెన్ ఊళ్ళో గాజు బొమ్మ అయిపోయింది. ఆమె కొట్లోకి అడుగు పెడితే మాటలు తగ్గుతాయి. వరసలో నిలబడితే ముందున్నవాళ్ళు పక్కకు జరుగుతారు. "ఫరవాలేదు, మీరు నిలబడండి" అంటే ఇంకా జరుగుతారు.

"ఇవాళ కారు ఉరికిస్తుంటే షెరిఫ్ మనిషి ఆపాడు" అంది ఒక సాయంత్రం భోజనం దగ్గర.

"జరిమానా ఎంత రాశాడు?" అన్నాడు భర్త కర్ట్. అతను ఊరి చుట్టూ ఉన్న పాడి పొలాల నుంచి పాల లారీ నడుపుతాడు.

"ఏమీ రాయలేదు. లైసెన్సు మీద పేరు చూశాడు. టోపీ తీశాడు. జాగ్రత్తగా ఇంటికెళ్ళండమ్మా అన్నాడు."

"మంచిదేగా."

"ఏం మంచిది? ఊళ్ళోదాకా వెనకాలే వచ్చి సాగనంపాడు కూడా. రేపు నేను బ్యాంకు దోచుకున్నా ఆ సంచీ వాళ్ళే మోసి పెడతారు."

"ముందు రోజే చెప్పు. పాల లారీ కడిగి ఉంచుతా, అందులో పారిపోదాం."

కర్ట్‌కి ఒక సుఖం ఉంది. ఆవులు తనను చూసి గొంతు తగ్గించవు అంటాడు.

బొమ్మ ఎలుగుబంట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ ఏడాది దేశం మొత్తం కూడబలుక్కున్నట్టు, పోయిన పిల్లల పేరిట వెల్బీకి ఎలుగుబంట్లు పంపింది. ఫైర్ స్టేషన్ నిండింది. తర్వాత మంచు ఊడ్చే బళ్ళు పెట్టుకునే షెడ్డు నిండింది. ఇప్పటికీ డిసెంబరు వచ్చిందంటే, బళ్ళు బయటికి తీయడానికి ఆ మూటలన్నీ ఒక గోడ నుంచి ఇంకో గోడకు మోస్తారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు వచ్చి, అవన్నీ ఆమె కన్నట్టు, వాటినేం చేయమంటావని అడుగుతారు. "పారేయండి" అంటుంది. "నీకిప్పుడు అలా అనిపిస్తుందిలే" అని వెళ్ళిపోతారు.

ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది చర్చి వంటగది సంగతి.

వెల్బీలో ఎవరింట చావు జరిగినా ఊరి ఆడవాళ్ళు గాజు పళ్ళేల్లో వండిన హాట్‌డిష్‌లు తెచ్చి ఇస్తారు. పళ్ళెం అడుగున టేపు ముక్క అంటించి పేరు రాస్తారు. ఆ పళ్ళెం ఉత్తగా తిరిగి ఇవ్వకూడదు. నాలుగు రొట్టెలో, కాస్త జామో పెట్టి ఇవ్వాలి. ఎంత దుఃఖంలో ఉన్నా ఒక రోజంటూ వస్తుంది. మనిషి లేచి పొయ్యి వెలిగించి, ఎవరి పళ్ళెం వాళ్ళకు నింపి పంపుతుంది. ఆ మనిషి మళ్ళీ ఊళ్ళో కలిసినట్టు. గ్రెచెన్ కూడా ఆ వసంతకాలంలో ఒక పొద్దున లేచి, నిమ్మకాయల సంచీ కొనుక్కొచ్చి, పళ్ళేల్లో పెట్టి పంపడానికి నిమ్మ బిస్కట్లు కాలుద్దామనుకుంది. ఆ మధ్యాహ్నమే నేస్తం ట్రూడీ ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. "నువ్వేం పట్టించుకోకు" అంటూ పళ్ళేలన్నీ అట్టపెట్టెల్లో సర్దుకుని తీసుకుపోయింది. ఉత్తవే. గ్రెచెన్ వాకిట్లో నిమ్మకాయలతో నిలబడిపోయింది.

అప్పటి నుంచి చర్చి భోజనాలకు ఆమె వంట తేనక్కర్లేదన్నారు, వడ్డించనక్కర్లేదన్నారు, అంట్లు తోమనక్కర్లేదన్నారు. "నువ్వొస్తే చాలు" అన్నారు. చుట్టపు చూపుగా వచ్చినదాని లాగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కొవ్వొత్తి ముట్టించాలంటే మాత్రం ఆమే కావాలి. ఎక్కడ ఏ బడిలో ఎవడు తుపాకి పేల్చినా, వెల్బీ చర్చిలో గ్రెచెన్ కొవ్వొత్తి ముట్టిస్తుంది.

ట్రూడీ చెడ్డది కాదు. వాళ్ళిద్దరూ ఒకే వీధిలో పెరిగారు. పండ్ల ముక్కలు కూరి కాల్చే 'పై' రొట్టెకు వెన్న వాడాలా పందికొవ్వు వాడాలా అని పాతికేళ్ళు పోట్లాడుకున్నారు. ట్రూడీ కూతురు బ్రిన్, అన్నిక ఒకే తరగతి. ఆ మంగళవారం బ్రిన్ ప్రాణాలతో బయటికి వచ్చింది. ఆ తర్వాత పై రొట్టె మాటే లేదు. ట్రూడీ నోట కూతురి పేరు కూడా గ్రెచెన్ వినలేదు.

ఇప్పుడు, ఆరేళ్ళ తర్వాత, ఒక సోమవారం ఇంకో రాష్ట్రంలో ఇంకో బడిలో తుపాకి పేలింది. గురువారం పాస్టర్ ఫోన్ చేసి, ఆదివారం ప్రత్యేక ప్రార్థన పెట్టామనీ, కొవ్వొత్తి నువ్వు ముట్టిస్తే బాగుంటుందనీ మెల్లగా అన్నాడు. చూద్దామంది. శుక్రవారం ఎల్వుడ్ రాస్‌ముస్సెన్ అంత్యక్రియలు. తొంభై దాటిన రైతు, మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తూ పోయాడు. ఎవరినీ నిందించాల్సిన పని లేని చావు.

"ఈ భోజనానికి నేను వండుకుపోతాను" అంది గ్రెచెన్ కర్ట్‌తో. "ఎవరేమన్నా సరే."

"ట్రూడీ అడ్డుపడుతుంది."

"వేడి పళ్ళెం చేతిలో ఉంటే ఎంతసేపు అడ్డుపడుతుందో చూస్తా."

శుక్రవారం పొద్దున మాంసం వేయించింది, ఉల్లిపాయలు వేసింది, ఉప్పు వేసింది, డబ్బా సూపు పోసింది. పైన బంగాళాదుంప ముక్కలు పేర్చబోతుంటే ఫోన్ మోగింది. ఎవరో విలేకరి, చిన్నపిల్ల గొంతు.

"ఆ ఊరి తల్లులకు మీరేం చెప్పదలచుకున్నారండీ?"

"ఒక పెద్ద షెడ్డు చూసి పెట్టుకోమను."

"ఏమిటండీ?"

"ఎలుగుబంట్లకి" అని పెట్టేసింది. ఎక్కడిదాకా వచ్చానా అనుకుని, చెయ్యి అందుకున్న డబ్బాలోంచి మళ్ళీ ఉప్పు వేసి, ముక్కలు పేర్చి, పళ్ళెం ఓవెన్‌లోకి తోసింది.

చర్చి బేస్‌మెంట్ మెట్ల కిందే ట్రూడీ ఎదురొచ్చింది. "అయ్యో, నీకెందుకీ శ్రమ" అంటూ గుడ్డతో పళ్ళెం అందుకుంది. వంటగదిలోకి కాదు, నేరుగా తీసుకుపోయి బల్ల మీద అన్నిటికంటే ముందు పెట్టింది. ఎవరో కుర్చీ లాగారు. ఎవరో భుజం తట్టారు. గ్రెచెన్ కూర్చుంది. ఏం చేస్తుంది?

వరసలో వచ్చిన ప్రతి ఒక్కరూ ముందుగా ఆమె పళ్ళెంలోంచే పెట్టుకున్నారు. ఆమె కూడా ఒక గరిటెడు వేసుకుంది. నోట్లో పెట్టుకోగానే సముద్రం మింగినట్టయింది. అప్పుడు గుర్తొచ్చింది, రెండుసార్లు వేశానని.

తలెత్తి చూసింది. అందరూ తింటున్నారు. నెమ్మదిగా, భక్తిగా, నమిలి మింగుతున్నారు. బల్ల మీద నీళ్ళ జగ్గులు ఖాళీ అవుతున్నాయి, ఎవరో మళ్ళీ నింపుకొస్తున్నారు. ఎల్వుడ్ పెద్దకొడుకు ఎర్రబడ్డ మొహంతో ఆమె దగ్గరికి వచ్చి, "చాలా బాగుంది గ్రెచెన్, నాన్న ఉంటే ఇష్టపడేవాడు" అని, నీళ్ళకోసం వెళ్ళిపోయాడు. ట్రూడీ రెండోసారి వడ్డించుకుంది.

గ్రెచెన్‌కి నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. ఇంత మందిలో ఒక్కరంటే ఒక్కరు, ఉప్పు ఎక్కువైందని అనలేరా? తన కూతుర్ని చంపినవాడు తన చేతి వంటకు వంక పెట్టే హక్కును కూడా ఊరికి లేకుండా చేశాడా? లేచి వంటగదిలోకి నడిచింది.

లోపల ఓర్ఫా స్టెన్సన్ ఒక్కతే ఉంది, సింకు ముందు. ఎనభైకి దగ్గరపడిన మనిషి, కీళ్ళవాతంతో మణికట్లు ఉబ్బిపోయాయి. నోటికి తాళం లేదని పేరు.

"ఆ హాట్‌డిష్ ఎవరిది?" అంది వెనక్కి తిరగకుండానే.

"నాదే."

"ఉప్పు బస్తా అందులో పడి చచ్చిందా?"

గ్రెచెన్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఆ మాట చెవిలో పడి ఎన్నాళ్ళకో చల్లగాలి తగిలినట్టయింది.

"రెండుసార్లు పడిందండీ. మధ్యలో ఫోనొచ్చింది."

"ఫోనొస్తే మోగనివ్వాలి. బయట కూర్చున్నవాళ్ళలో సగం మందికి రక్తపోటు. ఇవాళ ఒక చావు భోజనానికి వచ్చి ఇంకో నాలుగు తెచ్చుకునేలా ఉన్నారు. నేనైతే ఒక్క ముద్ద పెట్టుకుని ఊసేశాను."

"మిగతావాళ్ళు తింటున్నారు."

"వాళ్ళకి నువ్వంటే భయం."

"నేనంటేనా?"

"నీకొచ్చిన కష్టం అంటే. అంటుకుంటుందేమోనని. నువ్వూ అది తెలియనట్టు మాట్లాడకు."

గ్రెచెన్ లోపలికొచ్చి తలుపు వేసింది. "ఓర్ఫాగారూ, ఒకటి అడుగుతాను. ఏడవకూడదు."

"మోచేతిదాకా సబ్బునీళ్ళు, ఎలా ఏడుస్తాను? అడుగు."

"అప్పుడు అందరూ నా కోసం ప్రార్థించారు కదా. మీరూ చేశారా?"

"చేశాను."

"ఏమడిగారు?"

ఓర్ఫా చేతిలో గిన్నె నీళ్ళలోకి వదిలింది. "మొదటి వారం ఏమీ అడగలేదు. ఆయనతో మాట్లాడలేదు. ఇంత చేసి నా చేత ప్రార్థన కూడానా అనిపించింది. తర్వాత, గ్రెచెన్‌కి కోపం పోకుండా చూడు తండ్రీ అన్నాను."

"కోపమా?"

"మా ఆయన ట్రాక్టరు కింద పడి పోయినప్పుడు జనం నన్ను మెత్తటి మాటల్లో చుట్టి పెట్టారు. కోపమే లేకపోతే ఆ మూటలోనే ఉండిపోయేదాన్ని. ఏడుపు అడక్కపోయినా ఇస్తాడమ్మా. కోపం అడిగి తీసుకోవాలి."

"అది నాకు బాగానే అందిందండీ."

"ఉప్పు చూస్తే తెలుస్తోందిలే."

గ్రెచెన్‌కి నవ్వొచ్చింది. ఓర్ఫా చెప్పింది సరైన జవాబో కాదో ఆమెకు తెలియదు. కోపం కోసం ప్రార్థించవచ్చో లేదో పాస్టర్‌ని అడిగితే అదీ మంచి ప్రశ్నే అంటాడు. కానీ లక్షల్లో ఒక్క ప్రార్థనైనా ఏమిటో తెలిసింది. దారి తప్పకుండా ఇంటికి చేరిందని కూడా తెలిసింది.

"వచ్చావు కాబట్టి చెబుతున్నా" అంది ఓర్ఫా, చేతులు తుడుచుకుంటూ. "నువ్వు నాకు ఒక వంతు బాకీ."

వెల్బీ చర్చిలో ఆడవాళ్ళు బృందాలుగా ఉంటారు. ఎవరి అంత్యక్రియలొస్తే ఎవరు వండాలి, ఎవరు తోమాలి అని వంతులు. వంతు మార్చుకోవచ్చు, కానీ మార్చుకున్నది తీర్చాలి.

"ఎప్పటిది?"

"ఆ ఏడాది శీతాకాలంలో మార్తా లిండ్‌గ్రెన్ పోయినప్పుడు తోమే వంతు నీది. నన్ను తోమమన్నావు. తర్వాతిది నేను చేస్తానన్నావు. తర్వాతిది..." ఓర్ఫా ఆగింది.

తర్వాత జరిగిన అంత్యక్రియలేవో ఇద్దరికీ తెలుసు.

"ఇన్నేళ్ళూ అడగలేదేం మీరు?"

"నిన్నేమీ అడగొద్దని ట్రూడీ అందరికీ చెప్పింది. దాని మాట నేను లెక్కపెట్టను. అయినా నోరు రాలేదు."

"మీకా?"

"ఆ రోజు నువ్వెందుకు వంతు మార్చుకున్నావో గుర్తుందా? వంతు అడగాలంటే ఆ పిల్ల పేరు ఎత్తాలి."

"ఎత్తండి."

"అన్నికకు బడిలో నాటకం ఉందన్నావు. కుందేలు వేషం."

"నక్క వేషం. తోక నేనే కుట్టాను. స్టేజీ మీద ఊడిపోయింది. అది చేతిలో పట్టుకునే మిగతా నాటకమంతా ఆడింది."

"సరిగ్గా కుట్టకపోతే ఊడదూ మరి."

గ్రెచెన్ కోటు విప్పి తలుపు మేకుకు తగిలించి, చేతులు పైకి మడుచుకుంది. అప్పుడే ఖాళీ జగ్గుతో ట్రూడీ వచ్చింది.

"గ్రెచెన్, ఇక్కడేం చేస్తున్నావు? నీకెందుకు ఇదంతా, మేమున్నాం కదా. పద, కాఫీ..."

"ట్రూడీ, నా హాట్‌డిష్ ఎలా ఉంది?"

"చాలా బాగుంది."

"రెండోసారి కూడా పెట్టుకున్నావు. ఎలా ఉంది?"

ట్రూడీ ఓర్ఫా వైపు చూసింది. ఓర్ఫా గోడ వైపు చూసింది.

"కొంచెం ఉప్పగా ఉంది."

"కొంచెమా?"

"ఆవులు నాకే ఉప్పుగడ్డలా ఉంది" అంది ట్రూడీ ఉన్నట్టుండి, గొంతు పెరిగి. "నాలుక మొద్దుబారిపోయింది. ఈ జగ్గు మొత్తం నేనొక్కదాన్నే తాగాను. ఇక చాలా?"

"చాలు. బ్రిన్ ఎలా ఉంది?"

ట్రూడీ జగ్గు గట్టు మీద పెట్టింది. "బాగానే ఉంది."

"నా వంట కూడా బాగానే ఉందన్నావు."

ట్రూడీ నోరు తెరిచింది. ఒకసారి తెరిచాక ఆగలేదు. బ్రిన్ తలుపుకి వీపు పెట్టి కూర్చోదు. బడిలో తుపాకివాడు వస్తే తలుపులు వేసుకుని దాక్కునే అభ్యాసం పెట్టిన రోజున ఇంటికొచ్చి వాంతి చేసుకుంటుంది. ఎవరైనా పళ్ళెం జారవిడిస్తే బల్ల కిందికి పోతుంది, పదిహేనేళ్ళ పిల్ల. "గ్రెచెన్ ఆంటీ వాళ్ళింటికి వెళ్దామా అని ఎన్నిసార్లు అడిగిందో. నేనే వద్దన్నాను."

"ఎందుకు?"

"నాకంటే పొడుగైంది, గ్రెచెన్. నీ గుమ్మంలోకి దాన్నెలా తీసుకురాను?"

గ్రెచెన్‌కి అది గుచ్చుకుంది. గట్టిగానే. గట్టు పట్టుకుని నిలబడింది. బ్రిన్ పొడుగైంది. అవుతుంది మరి. ఆ నొప్పి నొప్పిలాగే ఉంది, పైన ఏ మెత్తటి మాటా కప్పి లేదు. అందుకే కాబోలు, పట్టుకుని మోయడానికి వీలుగా ఉంది.

"ఆదివారం తీసుకురా" అంది. "భోజనానికి. నువ్వు పై రొట్టె చేసుకురా. పందికొవ్వుతో చేస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపిస్తా."

"వెన్నతో చేస్తే అట్టముక్కలా ఉంటుంది" అంది ట్రూడీ ముక్కు తుడుచుకుంటూ. "ఆదివారం కొవ్వొత్తి ఉంది కదా నీకు."

"నేను ముట్టించడం లేదు. పాస్టర్‌కి నువ్వే చెప్పు. నా తరఫున అందరికీ చెప్పడం నీకు అలవాటేగా."

ట్రూడీ తుడిచే గుడ్డ అందుకుంది.

"మీ ముచ్చట్లయ్యేసరికి నీళ్ళు చల్లారతాయి" అంది ఓర్ఫా. స్టూలు లాక్కుని, కాఫీ కప్పు ఒళ్ళో పెట్టుకుని, చలిమంట దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది.

గ్రెచెన్ వేడినీళ్ళు తిప్పి తోమడం మొదలుపెట్టింది. కప్పులు, పళ్ళేలు, చెంచాలు, గరిటెలు. ఒక్కొక్కటే ట్రూడీ తుడిచి పేర్చింది. బయట నుంచి ఇద్దరు ముగ్గురు తొంగి చూసి, ఏదో అనబోయి, ఓర్ఫా మొహం చూసి వెళ్ళిపోయారు. చివరికి మాంసం కాల్చిన పెద్ద మూకుడు మిగిలింది. దాన్ని ఇనుప పీచుతో తోమి, కడిగి, ఓర్ఫాకు చూపించింది.

ఓర్ఫా కళ్ళజోడు పెట్టుకుని, బొటనవేలితో మూకుడు అంచు కింద రాసి చూసింది. "ఇక్కడ జిడ్డుంది."

గ్రెచెన్ మళ్ళీ తోమింది. మళ్ళీ కడిగింది. ఓర్ఫా మళ్ళీ రాసి చూసి, మూకుడు బోర్లించింది.

"సరే" అంది. "మార్తా లిండ్‌గ్రెన్ వంతు తీరిపోయింది."